సగం కొట్టేసిన జాబితా

అమ్మడూ,

నువ్వు పంపిన మొక్కల జాబితా అందింది. సగానికి పైగా కొట్టేశాను, కోప్పడకు. ఉప్పాడ పక్క బళ్లో చేరి ఏడాదైనా కాకుండానే పిల్లల చేత చెట్ల చిగురు, పూత, కాయ, ఆకురాలుడు తేదీలు రాయించాలని నీకు తోచిందంటే, మీ అత్తయ్య దగ్గర నేనెన్ని గొప్పలు పోయానో నీకు తెలీదు. ఫీనాలజీ అని మేం కాలేజీలో ఒక్క పేరాలో చెప్పేసి దాటిపోయే సంగతి ఇది. దాన్ని నువ్వు బడి బయట ఇసకలోకి తీసుకెళ్తానంటున్నావు. అందుకే "బాగుందమ్మా" అని రెండు ముక్కలు రాసి ఊరుకోలేకపోయాను.

ఇలాంటి పనులు ఉత్సాహంగా మొదలవుతాయి. రెండో వర్షాకాలం వచ్చేసరికి నోటుపుస్తకంలో పేజీలు తెల్లగా ఉంటాయి. పిల్లల బద్ధకం అనుకుంటాం గానీ చిక్కు చాలాసార్లు ఎంచుకున్న మొక్కల్లోనే ఉంటుంది. నీ జాబితాలో చూడ్డానికి బాగున్నవి, పేరు గొప్పవి, పుస్తకంలో తీరపు మొక్కలన్న శీర్షిక కింద కనబడ్డవి అన్నీ దించేశావు. నేనడిగేది ఒక్కటే తల్లీ. నువ్వు ఆ బడి నుంచి బదిలీ అయిపోయాక కూడా ఏడో తరగతి పిల్ల ఒకతె ఆ మొక్క దగ్గర నిలబడి, ఎవర్నీ అడక్కుండా, "ఈ వారం పూత మొదలైంది" అని ధైర్యంగా రాయగలదా? రాయగలిగితే ఉంచు. లేకపోతే తీసెయ్.

మొదట సరుగుడు కొట్టేశాను. మన తీరమంతా అదే కనిపిస్తుంది కాబట్టి మనదే అనుకుంటాం. దాని పుట్టిల్లు అండమాన్, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలు. రైలింజన్లకు కట్టెలు కావలసి పంతొమ్మిదో శతాబ్దంలో కోరమాండల్ తీరంలో విరివిగా నాటడం మొదలుపెట్టారు. పరాయిది కావడం ఒక్కటే కారణమైతే నేనింత గట్టిగా చెప్పను. సరుగుడు తోట నాలుగైదేళ్లకు నరుకుడుకొస్తుంది. ఆరో తరగతిలో పిల్లాడు పేరు పెట్టుకున్న చెట్టు వాడు పదో తరగతికొచ్చేసరికి కాగితం మిల్లుకు పోతుంది. ఇక ఏ తేదీని దేనితో పోలుస్తావు?

జీడిమామిడి కూడా అంతే. బ్రెజిల్ నుంచి పోర్చుగీసు వాళ్లు పదహారో శతాబ్దంలో తెచ్చింది. పూత బాగా కనబడుతుంది, ఒప్పుకుంటాను. కానీ తోటలో మందు కొడతారు, కొమ్మలు కత్తిరిస్తారు, ఎరువు వేస్తారు. అప్పుడు నువ్వు రాసేది చెట్టు కాలపట్టికా, రైతు పనుల పట్టికా? బడి గేటు దగ్గరి కాగితం పూలకూ ఇదే మాట. రోజూ బిందెతో నీళ్లు పోసే మొక్క వానని అడిగి పూయదు. ఈ నేలలో తరతరాలుగా ఈ వానకూ ఈ ఉప్పు గాలికీ అలవాటు పడి, ఇక్కడి తేనెటీగలకూ పక్షులకూ తిండి పెడుతూ వచ్చిన మొక్క తన పూతను రెండు వారాలు ముందుకు జరిపిందంటే అందులో మనకు తెలియాల్సిన కబురు ఉంటుంది. నీళ్లగొట్టం కింద పెరిగేదాని దగ్గర ఆ కబురు దొరకదు.

గంగరావిని కొట్టేసినందుకు నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. అచ్చంగా తీరపు చెట్టు, పొద్దున పసుపుగా విచ్చిన పువ్వు సాయంత్రానికి ఎర్రబారడం పిల్లలకు భలే ఇష్టం. వచ్చిన ఇబ్బందల్లా అది దాదాపు ఏడాది పొడుగునా పూస్తూనే ఉండటం. మొదలూ తుదీ లేని పూతకు తేదీ ఎక్కడ వేస్తారు? జిల్లేడూ అంతే. ఒక్క రోజులో పువ్వు రంగు ఎలా మారుతుందో చూపించడానికి గంగరావిని వాడుకో, అదొక మంచి పాఠం. ఏళ్ల తరబడి నడిచే పట్టికలో మాత్రం వద్దు.

ఇక ఉంచినవాటిలో ముందు కానుగ. నీ జాబితాలో అది అడుగున ఎక్కడో ఉంది, మామూలు చెట్టే కదా అనుకుని ఉంటావు. ఆ మామూలుతనమే మనకు కావాలి. సముద్రపు ఒడ్డున ఉంటుంది, కాలవ గట్టున ఉంటుంది, తెలంగాణ రోడ్ల వెంటా ఉంటుంది. చలి తగ్గాక మాఘ ఫాల్గుణాల్లో ఆకు పసుపెక్కి రాలుతుంది. కొమ్మలు బోసిగా ఉండేది కొద్ది రోజులే, వెంటనే మెరిసే లేతాకు వేస్తుంది. ఎండలు ముదిరేకొద్దీ తెలుపూ గులాబీ కలిసిన పూత, చెట్టుకింద నేలంతా రాలిన పూలు. ఆకురాలుడు, చిగురు, పూత మూడూ కొన్ని వారాల్లోనే ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. పిల్లలకు విసుగు రావడానికి వ్యవధి ఉండదు.

ఒక్క మెలిక గుర్తుంచుకో. కానుగ కాయ పండటానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. అందుకని కొత్త పూత ఉన్న కొమ్మ మీదే నిరుటి ఎండుకాయలూ వేలాడుతుంటాయి. "కాయ ఉందా?" అని ఒకే గడి పెడితే ఏడాదంతా "ఉంది" అనే వస్తుంది. పచ్చికాయ, ఎండుకాయ అని వేర్వేరు గడులు గియ్యి. ఇంకో సంగతి, ఏ కానుగను ఎంచుకుంటావో అదీ ముఖ్యమే. కరెంటు తీగల కింద ఉన్నదాన్ని తీసుకోకు. వానలకు ముందు లైనుమెన్లు వచ్చి తల నరికి పోతారు, ఆ తర్వాత వచ్చే చిగురు కత్తికి జవాబే గానీ కాలానికి జవాబు కాదు. అలాగే మరీ ఒడ్డునున్న చెట్టునూ పెట్టుకోకు. ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని ఎలా కోసుకుపోతోందో నీకు నేను చెప్పాలా? ఇవాళ ఇసక అంచున నిలబడ్డ చెట్టు నీ పదో తరగతి పిల్లల పెళ్లిళ్ల నాటికి నీళ్లలో ఉంటుంది. రోడ్డుకు ఇవతల, చెరువు గట్టు మీదో గుడి వెనకో నాలుగైదు చెట్లు చూసుకో. ఒక్క చెట్టు మీద ఆధారపడితే దాని అలవాటునే ఊరందరి అలవాటని రాసేస్తాం.

చలికాలానికి రేగు పెట్టు. నీ జాబితాలో లేదు, నేనే చేర్చాను. నీ పట్టికలో నవంబరు నుంచి జనవరి దాకా ఏమీ జరగడం లేదు, అప్పుడు పిల్లలు పుస్తకం మూసేస్తారు. రేగు వానలు వెనకబట్టే వేళకు చిన్న పచ్చటి పూలు వేస్తుంది, భోగి నాటికి పండుతుంది. పండు రంగు మారడం మీ పిల్లలు నీకంటే నాకంటే ముందు కనిపెడతారు. ఎందుకంటే వాళ్లు దానికోసం కాచుకుని ఉంటారు. "పండింది" అన్న మాట కోయకముందు రాయాలి, తిన్నాక కాదు అని మాత్రం ఒట్టు వేయించుకో. పండు రాలిన తేదీ దొరకడం మీ బడిలో అసాధ్యం అనుకుంటా.

మొగలిని ఉంచాను గానీ షరతుల మీద. దీనిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. ఆడవాళ్లు జడలో పెట్టుకునే వాసనగల పొత్తు మగ మొక్కది. అనాసపండులాంటి గుండ్రటి కాయ వేసేది ఆడది. ఈ సంగతి చెప్పకుండా ఒకటే పొద చూపిస్తే, మగ పొద దగ్గర నిలబడ్డ పిల్లలు ఏళ్ల తరబడి "కాయ లేదు, కాయ లేదు" అని రాస్తూ కూర్చుంటారు. రెండూ ఒక్కొక్కటి వెతుక్కో. పైగా మొగలి కొమ్మలు వేళ్లూని పాకుతాయి కాబట్టి ఒక గుబురంతా ఒకే మొక్క అయ్యుండొచ్చు. అయిదు పొదలు అని నువ్వు లెక్క రాసుకున్నవి నిజానికి ఒకటే కావచ్చు. దూరం దూరంగా ఉన్నవి తీసుకో. వాసనకు ఎవరూ కోసుకుపోని చోటు చూడాలి. ఇచ్ఛాపురం దాటి గంజాం వైపు వెళ్తే మొగలి పువ్వు పెద్ద వ్యాపారం, అత్తరు బట్టీల కోసం పొత్తు విచ్చగానే కోసేస్తారు. అక్కడ నీ పరిశీలన సాగదు. మన దగ్గర కొంత నయం. ముళ్లు చూశావుగా, పిల్లలు పొదలోకి దూరకుండా బయట నుంచే చూడాలి. పాముల మాట అందరూ అంటారు, అది నిజమైనా కాకపోయినా పిల్లల్ని దూరంగా ఉంచడానికి పనికొస్తుంది, వాడుకో.

తాడి చెట్టు సంగతి అడిగావు. మన దేశానికి అది ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చిందన్న వాదన వృక్షశాస్త్రంలో ఉంది, ఆ గొడవ నీకు అక్కర్లేదు. అక్కరకొచ్చే ప్రశ్న ఇది: ఆ చెట్టును గీస్తున్నారా? గీసే చెట్టుకు గెల విచ్చనివ్వరు. దానిలోనూ పోతు తాడి, పెంటి తాడి వేరు. ఎవరూ ఎక్కని పెంటి తాడి ఒకటి దొరికితే ముంజ నుంచి భాద్రపదంలో పండు దాకా చక్కగా రాసుకోవచ్చు. దొరక్కపోతే వదిలెయ్. కానీ ఊళ్లో కల్లుగీసే ఆయనతో ఒక పూట మాట్లాడు. ఏ చెట్టుకు గెల ముందొస్తుంది, ఏ ఏడు ఆలస్యమైంది, ఇవన్నీ ఆయన నోట ఉంటాయి. బాటనీ ఎమ్మెస్సీలు ఆ వివరాలు ఆయన దగ్గరే నేర్చుకోవాలి. నేను మినహాయింపు కాదు.

ఇసక మీది మొక్కలు రెండు ఉంచాను. బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు. వీటితో చిక్కేమిటంటే ఒక మొక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. తీగ లాగితే ఎటో తేలుతుంది. అందుకని చెట్టుకు నంబరు వేసినట్టు వేయకు. మీటరు పొడుగు, మీటరు వెడల్పు తాడుతో చదరం కట్టుకుని, గుర్తుపెట్టుకున్న చోట ప్రతిసారీ దాన్ని పరిచి, లోపల ఎన్ని పూలు విచ్చాయో లెక్కపెట్టమను. బాలబంద ఊదా పువ్వు పొద్దున విచ్చి, ఎండెక్కాక ముడుచుకుపోతుంది. ఒక వారం బడికి వెళ్తూ, ఇంకో వారం బడి వదిలాక చూస్తే రెండు లెక్కలూ పొంతన కుదరవు. వేళ ఒకటే పెట్టు, ప్రొద్దున్నే. రావణాసురుడి మీసాల్లో కూడా ఆడ మగ వేరు. ఆడదాని ముళ్ల బంతులు ఎండి, విడిపోయి, గాలికి ఒడ్డు వెంట దొర్లుకుంటూ పోతాయి. అవి దొర్లడం ఏ నెలలో మొదలవుతుందో మీ పిల్లల్నే పట్టుకోమను. మీ ఊరి తేదీ మీ ఊరి పిల్లలే పెట్టాలి.

మడ అడవి మొక్కలు నీ జాబితాలో ఏడెనిమిది ఉన్నాయి. ఒక్కటి తప్ప అన్నీ తీసేశాను. కోరంగి మడ అడవి మీకు రోజూ వెళ్లొచ్చే దూరం కాదు, నెలకొకసారి వెళ్తే ఎక్కువ. నెలకోసారి చూస్తే చాలనిపించే మొక్కే అక్కడ పనికొస్తుంది. తిల్ల అలాంటిది. రాలే ముందు ఆకు ఎర్రబారుతుంది, దూరం నుంచే తెలుస్తుంది, కర్రల వంతెన మీంచి దిగకుండా చూడొచ్చు. ఆ దిగకపోవడం ముఖ్యం. తిల్ల పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, కొమ్మ విరవనివ్వకు. మనసు ఊరుకోకపోతే ఉప్పు పొన్న ఒకటి కలుపుకో. గింజ చెట్టు మీదే మొలకెత్తి పొడుగ్గా కిందికి వేలాడుతుంది, నెలనెలా దాని పొడవు పెరగడం చూసి పిల్లలు నోరు తెరుస్తారు. మిగతా మడలను ఒకదాని నుంచి ఒకటి పోల్చుకోవడానికి నాకే పువ్వు చేతిలో ఉండాలి, పిల్లలను ఇబ్బంది పెట్టకు.

ఇక రాసే పద్ధతి. మీ పిల్లల తాతలు కార్తెల్లో మాట్లాడతారు, అమ్మలు పండగల్లో మాట్లాడతారు. పండగల లెక్క పట్టుకోకు. ఉగాది 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న. "ఉగాదికి కానుగ పూసింది" అని రాస్తే, చెట్టు కదలకపోయినా పండగ పద్దెనిమిది రోజులు కదులుతుంది. కార్తెలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి కాబట్టి రోహిణి ఏటా మే నెలాఖరు వారంలోనే, మృగశిర జూన్ మొదటి పది రోజుల్లోనే వస్తాయి. ఇంగ్లీషు తేదీ రాసి, పక్కన కార్తె రాయించు. తాతలకూ చదువొస్తుంది, లెక్కా చెడదు.

చూసినప్పుడు ఏమీ లేకపోతే "లేదు" అని రాయాలి. ఇది పిల్లలకు నచ్చదు, ఏమీ జరగని వారం రాసేదేముందని అంటారు. మార్చి 20న "పూత లేదు" అని ఉండి, 27న "పూత ఉంది" అని ఉంటేనే పూత ఆ వారంలో మొదలైందని చెప్పగలం. మొదటిది లేకపోతే రెండోదాని విలువ సగం పోతుంది. తేదీ వేయకపోతే ఏం పోతుందో చూడు. మన సామర్లకోటలోనే 1780ల్లో విలియం రాక్స్‌బర్గ్ అనే కంపెనీ డాక్టరు తోట పెట్టుకుని, ఈ తీరపు మొక్కలెన్నిటికో మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. ఆ బొమ్మల్లో మూడు వందలు 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. నాకు ఆయనంటే ఎంతో గౌరవం. కానీ పూత విషయానికొస్తే చాలా మొక్కలకు "ఎండాకాలంలో పూస్తుంది" అని ఒక్క ముక్కతో సరిపెట్టాడు. ఆకులో ఈనెల దాకా వర్ణించిన మనిషి, రోజూ వాతావరణం రాసుకున్న మనిషి, తేదీ ఒక్కటి వేసి ఉంటే ఇవాళ మనం రెండు వందల ఏళ్ల తేడా చూసేవాళ్లం! ఇంగ్లండులో నార్‌ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో అలా తేదీలు రాయడం మొదలుపెడితే, వాళ్ల వంశంలో 1958 దాకా రాశారు. జపానులో క్యోటో చెర్రీ పూత తేదీలు తొమ్మిదో శతాబ్దం నుంచి దొరుకుతున్నాయి. పూత ముందుకు జరుగుతోందని వాళ్లు ఈనాడు గట్టిగా చెప్పగలుగుతున్నది ఆ పాత కాగితాల బలంతోనే.

మన దగ్గరా లేకపోలేదు. సీజన్‌వాచ్ అని దేశమంతా నడుస్తున్న పని ఉంది. వారానికోసారి అదే చెట్టు దగ్గరకు వెళ్లి, ఆకు, పువ్వు, కాయ "లేవు, కొన్ని, చాలా" అని మూడే మాటల్లో రాస్తారు. ఆ మూడు మాటలు నువ్వూ తీసుకో. శాతాలు అడిగితే పిల్లలు ఊహించి రాస్తారు, పెద్దలమూ అంతే. కానుగ వాళ్ల చెట్లలోనూ ఉంది కాబట్టి మీ ఉప్పాడ కానుగను కేరళ కానుగ పక్కన పెట్టి చూడొచ్చు. నెల్లూరు వైపు తీరపు బళ్లో నీ స్నేహితురాలు ఉందన్నావు కదా, ఆమెనూ లాగు. అక్కడ వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనంతో పడుతుంది, శ్రీకాకుళం వైపు జూన్ నుంచి సెప్టెంబరుదే పెద్ద వాన. మీరు మధ్యలో ఉన్నారు. ఒకే తీరం, ఒకే మొక్క, వానలు మాత్రం వేరు. మొగలి ఏ వానను చూసి పూస్తుందో మూడు చోట్లా రాస్తే తెలుస్తుంది. ఒక్క ఊళ్లో ఎంత రాసినా తెలియదు.

తుఫాను వచ్చిన ఏడు పుస్తకంలో ప్రత్యేకంగా గుర్తు పెట్టించు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు గాలి చాలా ఆకులు దూసేసింది, మిగిలినవి మాడినట్టు అయ్యాయి, తర్వాత కాలం కాని కాలంలో చిగురు వచ్చింది. ఆ చిగురును మామూలు ఏడాది చిగురుతో కలిపి సగటు తీస్తే అబద్ధం పుడుతుంది. అలాగని ఆ ఏడాది పేజీ చించెయ్యకు. దెబ్బ తిన్న చెట్టు ఎన్ని వారాల్లో తేరుకుందో అదీ తెలియాల్సిందే.

అసలు గండం ఎక్కడుందో నువ్వు చూసుకోలేదు. ఏప్రిల్ నెలాఖర్లో మీ బడి మూసేస్తారు, జూన్ 12న తెరుస్తారు. కానుగ పూత పతాక స్థాయిలో ఉండేది, ముంజలు దిగేది అప్పుడే. బడి ఆవరణలోని చెట్లే పట్టికలో ఉంటే ఏటా ఆ ఏడు వారాలూ ఖాళీ. అందుకని చెట్లను బడి చుట్టూ వెతకొద్దు, పిల్లల ఇళ్ల దారుల్లో వెతుకు. పడవల రేవుకు పోయే దారిలో ఒకటి, రేషను కొట్టు పక్కన ఒకటి, మంచినీళ్లకు వెళ్లే దోవలో ఒకటి. ఒక్కో చెట్టుకు ఇద్దరు పిల్లలు, వాళ్లలో ఒకరు కింది తరగతి వాళ్లుండాలి. పెద్దది పది పాసై వెళ్లిపోయినా చిన్నది ఉంటుంది. చెట్టుకు మేకు కొట్టకండి, వదులుగా తీగ చుట్టి రేకు ముక్క వేలాడదీయండి. ప్రతిసారీ ఒకే చోట నిలబడి సెల్‌ఫోనుతో ఒక ఫోటో తీయండి. పుస్తకం మాత్రం నీ సంచిలో పెట్టుకోకు, హెడ్‌మాస్టరు గారి బీరువాలో పెట్టించు. నీకు బదిలీ కాగితం వచ్చిన రోజు హడావిడిలో అది నీతో వచ్చేస్తే అక్కడితో ఆగిపోతుంది.

మొత్తం కానుగ, రేగు, మొగలి, ఇసక మీది రెండు, నెలకోసారి తిల్ల. ఆరే. ఇంకో పది కలపాలని చెయ్యి దురద పెడుతుంది, మూడేళ్లు ఓర్చుకో. కోరంగి అభయారణ్యంలో పిల్లలతో నెలనెలా పరిశీలన అంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవడం మంచిది. హెడ్‌మాస్టరు గారి సంతకంతో డివిజనల్ ఫారెస్టు ఆఫీసరుకు అర్జీ రాయి, మొక్క కోయం, వంతెన దిగం అన్న మాట అందులో స్పష్టంగా ఉండాలి. ముసాయిదా రాశాక నాకోసారి పంపించు, చూసి పెడతాను. ఆదివారం వచ్చేటట్టయితే ముందే ఫోన్ చెయ్యి, మీ అత్తయ్య పులస దొరకలేదని గోల పెట్టకుండా ఉండాలంటే ఒక రోజు వ్యవధి కావాలి.

ఆశీస్సులతో,
మావయ్య